పాడే నావికుడు

మన పత్రికలో మా పేరు కనబడితే చాలు, పాఠకులు చక్కెర వ్యాధి, రక్తపు పోటు, "ఉప్పు తగ్గించండి" అనే మూడు మాటలకు సిద్ధపడి కూర్చుంటారు. ఊరగాయల మీద మేము వ్యాసం వ్రాసిన దగ్గర్నుంచీ కొందరు సభ్యులు మమ్మల్ని భోజనానికి పిలవడం మానేశారని మా ఆవిడ అభియోగం. అంచేత ఈసారి సంపాదకుల వారిని బతిమాలి, రోగాల బదులు ఒక గాయకుడి గురించి వ్రాయడానికి అనుమతి తెచ్చుకున్నాము. మధ్యలో ఒక రోగి రాక తప్పదు. వృత్తి అటువంటిది, క్షమించాలి.

ఆ గాయకుడి పేరు సలీం రాషిద్ సూరి. సూరి అనగానే మనకు పండితుడు గుర్తుకొస్తాడు, చిన్నయసూరి గుర్తుకొస్తాడు. ఇక్కడ సూరి అంటే సూర్ ఊరివాడని మాత్రమే అర్థం. ఒమాన్‌లోనూ చుట్టుపక్కల గల్ఫ్ దేశాల్లోనూ ఆయనకు "పాడే నావికుడు" అని బిరుదు. 1910 ప్రాంతంలో పుట్టాడు, 1979లో పోయాడు. ఆయన పాట పుట్టింది సూర్‌లో, పెరిగింది మన బొంబాయిలో. ఇన్నేళ్ళుగా ఈ దేశం ఉప్పు తింటున్న మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

సూర్ మీలో చాలామంది చూసిన ఊరే. మస్కట్ నుంచి సముద్రం పక్కగా దాదాపు 200 కిలోమీటర్లు. శుక్రవారం పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్ళి, ఐజా దీపస్తంభం దగ్గర ఫొటోలు దిగి, తాబేళ్ళు చూడటానికి రాస్ అల్ జింజ్ పోతాము. ఆ తొందరలో ఓడలు కట్టే చోటు చూసినా చూడనట్టే వచ్చేస్తాము. అక్కడ ఒడ్డున నిలబెట్టిన 'ఫతహ్ అల్ ఖైర్' అనే పెద్ద ఓడను 1951లో సూర్‌లోనే కట్టారు. చేతులు మారి యెమెన్ చేరిన దాన్ని సూర్ జనం 1993లో మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. అల్ బుస్తాన్ కూడలిలో మనం రోజూ చుట్టు తిరిగిపోయే 'సోహార్' ఓడ కూడా 1980లో సూర్‌లో కట్టినదే. దాని పలకలకు మేకులు లేవు, కొబ్బరి తాళ్ళతో కుట్టారు. కలప మలబారు నుంచి వచ్చింది. ఆ ఓడ మీదనే టిమ్ సెవెరిన్ బృందం చైనా దాకా వెళ్ళింది.

కాకినాడలో ఎం.బి.బి.ఎస్. చదివిన మాకు ఈ ఓడల గోల కొత్తగాదు. పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడా ఓడలు కట్టేవారు. అక్కణ్ణించి రంగూను పోయిన మన వాళ్ళను బర్మా వారు "కోరంగీలు" అనే పిలిచారు. ఆ ఊరి పేరు ఒక జాతి పేరైపోయింది, ఓడలు మాత్రం మిగల్లేదు. సూర్ వారికి ఓడలూ మిగిలాయి, ఓడల పాటలూ మిగిలాయి. తెరచాప ఎత్తడానికొక పాట, లంగరు లాగడానికొక పాట, సరుకు దింపడానికొక పాట. మన "హైలెస్సా"కు అన్నదమ్ములనుకోండి. గల్ఫ్‌లో ముత్యాల పడవల మీద పాడటానికే ఒక మనిషిని పెట్టుకునేవారు, అతన్ని 'నహ్హామ్' అంటారు. 1938, 39లలో కువైట్ ఓడ మీద ప్రయాణించిన ఆలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు, ఈ పాటలు లేకుండా ఓడలో ఏ పనీ జరగదని గమనించాడు. నలభై మంది ఒక తాడు లాగాలంటే నలభై మందికీ ఒకే క్షణంలో ఊపిరి ఆడాలి. ఆ పని పాట చేస్తుంది.

అలాంటి ఊళ్ళో పుట్టిన కుర్రవాడు పాడటంలో వింత లేదు. సూర్‌లో 'మైదాన్' అని ఒక వేడుక ఉంది, అందులో కవిత్వాన్ని డప్పుల మీద పాడతారు. కుర్రవాడు దానికి అతుక్కుపోయాడు. ఇంట్లో వారికి అది గిట్టలేదు. ఓడ మీద పని చేస్తూ పాడితే అది కష్టం మరిచే పాట. పని లేకుండా నలుగురిలో కూర్చుని పాడితే అది పరువు తీసే పాట! ఈ లెక్క మనకు బాగా తెలిసినదే. పెళ్ళిలో పెద్దమ్మ పాడితే మురిసిపోతాము. మన పిల్లవాడు ఇంజనీరింగు మానేసి పాడతానంటే మాత్రం అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకొస్తాము. ఇలాంటి తల్లిదండ్రులు మా గదిలోకే వచ్చారు, నిద్ర మాత్రలు వ్రాయమన్నారు. నిద్ర లేనిది ఎవరికో తేల్చడానికి మాకు అరగంట పట్టింది.

కుర్రవాడు ఓడ ఎక్కేశాడు. ఆఫ్రికా తీరం, ఏడెన్, గల్ఫ్ రేవులు తిరుగుతూ, ఎక్కడి పాట అక్కడ చెవిలో వేసుకుంటూ, 1930లలో బొంబాయి చేరాడు.

ఆనాటి బొంబాయి అరబ్బులకు పరదేశం కాదు. బస్రా ఖర్జూరం, బహ్రెయిన్ ముత్యం, సూర్ ఓడ అన్నీ అక్కడికే వచ్చేవి. బియ్యం, బట్ట, టేకు దుంగలు అక్కణ్ణించే పోయేవి. మస్కట్ బజారులో 1970 దాకా రూపాయి చెల్లింది. ఆ రూపాయి కోసం 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్‌కు వేరే నోట్లు అచ్చు వేయించింది. ఇప్పుడు మనం రియాళ్ళను రూపాయల్లోకి మార్చి లెక్కపెట్టుకుంటున్నాము. ఒకప్పుడు వీళ్ళు మన రూపాయలనే లెక్కపెట్టుకున్నారు. చక్రం తిరుగుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

సూరి పాడినది ముఖ్యంగా 'సౌత్' అనే బాణీ. సౌత్ అంటే అరబ్బీలో గొంతు. కువైట్, బహ్రెయిన్ల సొత్తు అది. ఊద్ అనే వాద్యం, మిర్వాస్ అనే అరచేతిలో ఇమిడే రెండు ముఖాల చిన్న డోలు, ఒక్కోసారి వయొలిను. వీటన్నిటికీ మించి చప్పట్లు. మన భజనలో చప్పట్లు అందరివీ ఒకేచోట పడతాయి. సౌత్‌లో అలా కాదు, ఒకరి చప్పట్ల సందులో మరొకరి చప్పట్లు పడి, పేనిన తాడులా సాగుతాయి. ఊద్ మన వీణకు దూరపు చుట్టం, మెట్లు మాత్రం ఉండవు. వేలు ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి.

ఈ సౌత్‌కు మూలపురుషుడుగా చెప్పుకునే కువైట్ కవి అబ్దుల్లా అల్ ఫరజ్ 19వ శతాబ్దపు మనిషి. ఆయన కూడా బొంబాయిలో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడ సంగీతం నేర్చి, తండ్రి సంపాదించిన ఆస్తి ఖర్చు పెట్టేసి ఇంటికి చేరినవాడే. అంటే ఇప్పుడు గల్ఫ్ వారు "మా తాతల నాటి పాట" అని గర్వంగా చెప్పుకునే బాణీకి చిన్నప్పటి నుంచీ హిందుస్థానీ గాలి సోకింది. సూరి తెచ్చిన కొత్తదనం ఏమంటే, ఆ గాలిని దాచుకోలేదు. సూర్ సముద్రపు పాట, యెమెన్ వరసలు, గల్ఫ్ సౌత్, బొంబాయి బాణీ అన్నీ కలిపి పాడాడు. అరబ్బీలో పాడాడు, ఉర్దూలో పాడాడు, రెంటినీ కలిపీ పాడాడు. ఆ కలగలుపు పాట రేవు బజారులో సరుకు బేరమాడే భాషలాగే ఉంటుంది. వినేవాడికి సగం తన భాష, సగం పక్కవాడి భాష.

బొంబాయిలో ఆయన పాటలను హెచ్.ఎం.వి. వారు రికార్డు చేశారు. మన తాతలు "కుక్క బొమ్మ రికార్డు" అన్నది వాటినే. ఆ నల్ల పళ్ళెం గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. దానికి ఆధారం లక్క. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగలు తెచ్చే లక్కే! మన అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు పెట్టే జిగురు అది. ఒక ముఖం మూడు, మూడున్నర నిమిషాలు తిరిగేది. రాత్రంతా సాగే పాటను మూడు నిమిషాల్లో చెప్పడం గాయకుడికి పరీక్ష. ఆలాపన విడిచిపెట్టాలా, చరణం విడిచిపెట్టాలా? ఈ పరీక్షలో మన త్యాగరాజ కీర్తనలూ కోతపడ్డాయి, మన నాటక పద్యాలూ కోతపడ్డాయి. కానీ ఆ కోతపడిన మూడు నిమిషాలే ఓడలెక్కాయి. ఛోటా నాగపూర్ అడవి లక్క మీద సూర్ కుర్రవాడి గొంతు గీసుకుని, బహ్రెయిన్, కువైట్, జాంజిబార్ కాఫీ అంగళ్ళలో తిరిగింది. పాడితే పరువు పోతుందన్న కుటుంబంలోని మనిషి గొంతును గల్ఫ్ రేవులన్నీ డబ్బిచ్చి కొనుక్కున్నాయి.

తరువాత ఆయన బహ్రెయిన్ చేరాడు. అక్కడ 'సలీంఫోన్' అని సొంత రికార్డుల ముద్ర పెట్టుకున్నాడు. ఇతరుల కంపెనీకి పాడినవాడే తన పాటకు తానే యజమాని కావాలనుకున్నాడు. మన దగ్గర గాయకులు ఈ ఆలోచన ఎంత ఆలస్యంగా చేశారో తలుచుకుంటే, ఆ మనిషి తెగింపు తెలుస్తుంది.

ఇంటికి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అప్పటి ఒమాన్ వేరు. 1970 నాటికి దేశం మొత్తానికి మూడే బడులు. రాత్రయితే మస్కట్ కోట తలుపులు మూసేవారు. బయటికి పోయినవారు పోయినట్టే ఉండిపోయారు. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కి, బయట ఉన్న ఒమానీలందరూ తిరిగి రావాలని పిలిచారు. డాక్టర్లు వచ్చారు, మేస్త్రీలు వచ్చారు, గుమాస్తాలు వచ్చారు. 1971లో పాడే నావికుడూ వచ్చాడు. ప్రభుత్వం ఆయన్ను సాంస్కృతిక వ్యవహారాల సలహాదారుగా పెట్టుకుంది. ఒకప్పుడు ఏ పాట ఆయన్ను ఇంటికి దూరం చేసిందో, ఆ పాటకే ఇప్పుడు రాజ్యం గౌరవం ఇచ్చింది. రేడియో ఒమాన్ కొత్తగా పెట్టారు, పాడేవాళ్ళు కావాలి. ఇంకో ఎనిమిదేళ్ళు బతికి, 1979లో కన్ను మూశాడు.

ఇలాంటి గొంతు మనకు లేదా అంటే, ఉంది. టంగుటూరి సూర్యకుమారి. 1925లో రాజమహేంద్రవరంలో పుట్టింది. ప్రకాశం పంతులు గారికి తమ్ముడి కూతురు. చిన్నతనంలోనే సినిమాల్లో పాడి, నటించింది. 'రైతు బిడ్డ', 'దేవత' చూసిన పెద్దలు ఆమెను మరిచిపోలేదు. దేశభక్తి గీతాలు పాడింది, లలిత గీతాలు పాడింది. శంకరంబాడి సుందరాచారి గారి 'మా తెలుగు తల్లికి మల్లె పూదండ'ను రికార్డు మీదికి ఎక్కించి ఇంటింటికీ చేర్చినది ఆమె గొంతే. 1961లో న్యూయార్కులో రవీంద్రుల నాటకంలో రాణి పాత్ర వేసి మెప్పు పొందింది. తరువాత లండనులో స్థిరపడి, అక్కడి పిల్లలకు మన పాట, మన ఆట నేర్పి, 2005లో అక్కడే పోయింది. మనం సభ మొదలుపెట్టేటప్పుడు లేచి నిలబడి పాడే పాటను మనకు అలవాటు చేసిన మనిషి, సగం జీవితం మనలాగే పరాయి దేశంలో గడిపింది. సూరికి పిలుపు వచ్చింది, ఇల్లు చేరాడు. ఆమె ఉన్న చోటునే ఇల్లు చేసుకుంది. రెండూ పాటకు మేలే చేశాయి.

ఇటువంటి వారిని గురించి ఒక సణుగుడు ఎప్పుడూ ఉంటుంది. "అన్నీ పాడతారండీ, ఏదీ శుద్ధంగా ఉండదు" అంటారు. శాస్త్రీయం వారికి లలితం, లలితం వారికి జానపదం, జానపదం వారికి సినిమా లోకువ. మాకు సంగీత జ్ఞానం బొత్తిగా లేదు గనుక ఆ తగాదాలో తలదూర్చము. కానీ ఆస్పత్రిలో చూసిన ఒక సంగతి దానికి జవాబులా తోచింది.

పెద్దాయన ఒకరు పక్షవాతంతో మా వార్డులో చేరారు. ఊరూ పేరూ వ్రాయము. వయసు ఎనభైకి దగ్గర. కుర్రతనంలో ఓడల మీద పనిచేసినవారు. ఇక్కడ వయసు మళ్ళిన వారిని పేరు పెట్టి పిలవరు, "అల్ వాలిద్" అంటారు, అంటే తండ్రి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. వింటారు, అర్థమవుతుంది, చెప్పబోతే నాలుక మీదికి రాదు. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే తరచు అలాగే అవుతుంది. కొడుకు మూడు రోజులు మంచం పక్కనుంచి కదలకుండా, "నాన్నా, నేనెవర్ని? నా పేరు చెప్పు" అని అడుగుతూనే ఉన్నాడు. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరగడమే జవాబు.

నాలుగో రోజు మనవడు ఫోనులో ఒక పాత పాట పెట్టాడు. ఊద్, చప్పట్లు, గరగరలాడే పాత రికార్డు. రెండో చరణం దగ్గర పెద్దాయన గొంతు కలిపారు. మాటలతో సహా, తప్పు లేకుండా! అరబ్బీ మాటల నడుమ ఒక హిందుస్థానీ మాట దొర్లింది. మందు ఇవ్వడానికి వచ్చిన కేరళ సిస్టరు చేతిలో ట్రే అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పాట అయిపోయాక కొడుకు మళ్ళీ అడిగాడు, "నా పేరు?" ఏమీ రాలేదు. ఎవరి పాట ఇది అని మేము అడిగితే, కొడుకు కళ్ళు తుడుచుకుని చెప్పిన పేరు సలీం రాషిద్ సూరి. మేము ఆ పేరు వినడం అదే మొదటిసారి.

ఇందులో మంత్రం లేదు. మాట పోయి పాట మిగిలిన మనిషిని గురించి స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ 1745లోనే వ్రాసి పెట్టాడు. మాటను కూర్చే యంత్రాంగం చాలామందికి ఎడమ వైపు ఉంటుంది, రాగాన్ని మోసే పనిలో కుడి వైపుకూ వాటా ఉంది. పైగా వందల సార్లు పాడిన పాట మాటలు ఒక్కొక్కటిగా వెతుక్కోనవసరం లేకుండా గొలుసులా వస్తాయి. 1973లో బోస్టన్ వైద్యులు దీన్నే ఆసరా చేసుకుని, చిన్న చిన్న మాటలను రాగం తీసి పలికించే చికిత్స ఒకటి తయారుచేశారు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేము. మా పెద్దాయనకు కొంత పనిచేసింది. మూడు వారాలకు "మాయ్" అని, మంచినీళ్ళు కావాలని రాగం తీసి అడిగారు. కొడుకు పేరు మాత్రం రాలేదు. అలాగే ఇంటికి పంపాము. మందులతో పాటు పాటలు వినిపించమని కూడా చెప్పాము.

ఆ రాత్రి ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాము. ఆ పెద్దాయనకు బతుకంతా తుడిచిపెట్టుకుపోయాక నాలుక మీద మిగిలినది శుద్ధమైన అరబ్బీ కవిత్వం కాదు, శుద్ధమైన ఓడ పాట కాదు. బొంబాయి గాలి తగిలిన కలగలుపు పాట. పడుచుతనంలో ఓడ మీద, స్నేహితుల మధ్య, వినీ వినీ ఒంటికి పట్టిన పాట. మనిషిలో చివరిదాకా ఉండేది గొప్ప పాట కాదు, చాలాసార్లు పాడుకున్న పాట.

మరి మనకు? మొన్న వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు అడిగాము. "నాకేం పాటలొచ్చురా" అంది. కూరలు తరుగుతూ మాటల్లో పెడితే గొబ్బి పాటలు వచ్చాయి, లాలి పాట వచ్చింది, మంగళహారతులు నాలుగు వచ్చాయి. అందులో రెండు అచ్చంగా పాత సినిమా వరసలు! ఎవరు కట్టారే అంటే, వాళ్ళ పిన్ని రేడియో విని కట్టుకుందట. మా అమ్మాయి రెండో తరగతి. బడిలో ఒమాన్ జాతీయగీతం అరబ్బీలో పాడుతుంది, పక్కింటి మలయాళీ పిల్లల ఓణం పాట పాడుతుంది, సినిమా పాటకు గంతులేస్తుంది. నాయనమ్మ లాలి పాట రెండు లైన్లే వచ్చు, అవీ మలయాళం యాసలో. దానికి రావలసినవి ఇంకా మిగిలిన ఎనిమిది లైన్లు. నాయనమ్మకు అరవై ఏడేళ్ళు, రక్తపు పోటు ఉంది. వైద్యులం గనుక ఈ లెక్క మాకు కొంచెం ముందుగా అర్థమవుతుంది.

1983లో ఒమాన్ ప్రభుత్వం సంప్రదాయ సంగీత కేంద్రమని ఒకటి పెట్టి, మనుషులను ఊరూరికీ పంపి, ముసలివారి చేత పాడించి రికార్డు చేయించింది. చమురు డబ్బుతో రోడ్లు వేస్తున్న రోజుల్లో, పాటకూ కొంత తీసిపెట్టింది. యునెస్కో వారు 2010లో ధోఫార్ 'బర్అ'ను, 2012లో 'అల్ ఆజీ'ని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చారు. దాని వెనక, చేసేది తెలిసిన మనుషులను ముందుగా వెతికి పట్టుకున్న శ్రమ ఉంది. మనకు ప్రభుత్వం అక్కరలేదు. ప్రతి ఇంట్లోనూ జేబులో రికార్డరు ఉంది.

సంక్రాంతి కార్యక్రమం గురించి కమిటీలో ప్రతి ఏడూ నడిచే వాదన సభ్యులకు తెలుసు. ఒక పక్షం సినిమా పాటల ఆర్కెస్ట్రా అంటుంది, రెండో పక్షం పద్యాలూ కీర్తనలూ అంటుంది. మా మనవి ఒకటి. ఈ ఏడు అరగంట విడిగా ఉంచండి. మనల్ని చూడటానికి వచ్చిన అమ్మలు, నాన్నలు, అత్తలు, మామలు ఎవరైనా వచ్చి తమకు వచ్చిన పాట ఒకటి పాడతారు. ఊడుపు పాటైనా సరే, హారతి అయినా సరే, ఘంటసాల పాటైనా సరే. శుద్ధమా కాదా అని ఎవరూ అడగకూడదు. పక్కన మనవలు కూర్చుని గొంతు కలుపుతారు.

వచ్చేవారు పాడే పాట మాటలను ముందుగా మన కార్యదర్శి గారికి వ్రాసి పంపండి, ఇదే పత్రికలో అచ్చు వేద్దాము. అర్థం తెలియని మాటలుంటే అలాగే ఉంచండి, మనవలు తరువాత తెలుసుకుంటారు. మా అమ్మవి ఎనిమిది లైన్లు మేము వ్రాసి పెట్టాము. మీ ఇంట్లోవి ఈ శుక్రవారమే అడగండి.